అమ్మేవాడు లేని మందు

కర్ర పెండలం కొసలు ముడుచుకుపోయి, ఆకుల అడుగున పిండి చల్లినట్లు తెల్లగా కనిపిస్తే రైతు చేసే మొదటి పని ఒకటే. ఆ కొస తుంచి సంచిలో వేసుకుని పురుగు మందుల కొట్టుకు వెళ్తాడు. కొట్టు యజమాని దానిని అటూ ఇటూ తిప్పి చూసి, బీరువాలోంచి రెండు సీసాలు తీసి బల్లమీద పెడతాడు. "ఈ రెండూ కలిపి కొట్టండి. దెబ్బకి పోద్ది" అంటాడు. రైతు చేతిలో డబ్బుంటే ఇస్తాడు, లేకపోతే ఖాతాలో రాయిస్తాడు. పదిహేను రోజులు తిరిగేసరికి అదే కొస, అదే పిండి. మళ్ళీ అదే కొట్టు.

ఇందులో తప్పంతా రైతుదని అనడానికి లేదు. కొట్టు యజమానిదని అనడానికీ లేదు. ఒకరు మందు అడిగారు, మరొకరు తమ దగ్గర ఉన్నది ఇచ్చారు. కాని పెండలం పిండినల్లికి గట్టిగా పనిచేసిన మందు ఏ కొట్టులోనూ దొరకదు. దానికి సీసా లేదు, లేబులు లేదు, గోడమీద ప్రకటన లేదు, కమీషను లేదు. అది ఆవగింజంత కందిరీగ. దానిని అమ్మేవాడు లేడు కనుక దాని గురించి రైతుకు చెప్పేవాడు కూడా లేకుండా పోయాడు. అసలు చిక్కు అక్కడే ఉంది.

గోదావరి మెట్ట ప్రాంతంలో పెద్దాపురం, గండేపల్లి, జగ్గంపేట, రంగంపేట వైపు పెండలం పాత పంట. 2022లో జిల్లాలు విడిపోయాక ఈ ఊళ్ళలో కొన్ని కాకినాడ జిల్లాలోను, కొన్ని తూర్పు గోదావరిలోను ఉన్నాయి గాని పంట మాత్రం ఒకటే, రైతు కష్టం ఒకటే. ఈ దుంపల మీదే సగ్గుబియ్యం మిల్లులు నడుస్తున్నాయి. కాలువ నీరు ఎక్కని నేలల్లో, వాన మీద ఆధారపడి, ఎనిమిది పది నెలలు ఓపికగా కనిపెట్టుకుని ఉండే పంట ఇది. కౌలు కట్టి వేసేవారికి దుంప తవ్వి మిల్లుకు తోలేదాకా చేతికి పైసా రాదు. అటువంటి చేనుకు మూడుసార్లు, నాలుగుసార్లు మందు కొట్టవలసి వస్తే రైతుకు మిగిలేది ఏమీ ఉండదు. కాబట్టి ఈ చిన్న కందిరీగ సంగతి పెద్దదే.

ఆఫ్రికా చెప్పిన పాఠం

పెండలం పుట్టినిల్లు దక్షిణ అమెరికా. దాని పిండినల్లి పుట్టినిల్లు కూడా అదే. అక్కడ ఆ నల్లిని తినే కందిరీగలు, ఇతర పురుగులు ఎప్పటినుంచో ఉన్నాయి. అందువల్ల నల్లి ఉన్నా చేను పాడయ్యేటంతగా పెరగలేదు. 1970ల మొదట్లో ఆ నల్లి సముద్రం దాటి ఆఫ్రికాలోని కాంగో ప్రాంతానికి చేరింది. దాని శత్రువులు మాత్రం వెంట రాలేదు. ఇక దానికి అడ్డు లేకపోయింది. ఈ జాతిలో అన్నీ ఆడవే. మగదానితో పని లేకుండానే ఒక్కొక్కటి వందల గుడ్లు పెడుతుంది. పదేళ్ళు తిరక్కుండానే ఆఫ్రికాలో పెండలం పండే దేశాలు చాలావాటికి అది పాకింది. కొన్నిచోట్ల దిగుబడి 80 శాతం దాకా పడిపోయింది. అక్కడ పెండలం మిల్లు పంట కాదు, రోజూ కంచంలో ఉండే తిండి. వరి పోతే గోదావరి జిల్లాల్లో ఏమవుతుందో, అక్కడ అదే అయింది.

అప్పుడు నైజీరియాలోని ఇబాదన్‌లో ఉన్న అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థలో స్విట్జర్లాండుకు చెందిన హాన్స్ హెరెన్ అనే కీటక శాస్త్రవేత్త ఈ పని చేపట్టారు. నల్లి ఎక్కడినుంచి వచ్చిందో అక్కడే దాని శత్రువు ఉంటుంది, అక్కడికే పోయి వెతకాలి అన్నది ఆయన పట్టిన దారి. వెతుకులాట సులువుగా సాగలేదు. దక్షిణ అమెరికా ఉత్తర భాగంలో పెండలం మీద ఒక పిండినల్లి దొరికింది. చూడటానికి అచ్చం అలాగే ఉంది. కాని అది వేరే జాతి. దాని మీద బతికే కందిరీగలు ఆఫ్రికా నల్లిని ముట్టుకోలేదు. చివరకు 1981లో కొలంబియాలోని పరిశోధనా కేంద్రానికి చెందిన బెలోటి అనే శాస్త్రవేత్తకు పరాగ్వే దేశంలో అసలు నల్లి కనిపించింది. దానితోపాటే దాని శత్రువు కూడా దొరికింది. శాస్త్రజ్ఞులు ఆ కందిరీగకు పెట్టిన పేరు అనాగిరస్ లోపెజి.

దానిని తిన్నగా ఆఫ్రికాకు తీసుకుపోలేదు. ముందు లండనులో కట్టుదిట్టమైన గదుల్లో ఉంచి పరీక్షించారు. అదే సంవత్సరం నవంబరులో ఇబాదన్ దగ్గర మొదటిసారి వదిలారు. తరువాత లక్షల సంఖ్యలో పెంచి, కొన్నిచోట్ల విమానాల మీదనుంచి కూడా చేలమీద వదిలారు. 1990ల నాటికి ఇరవైకి పైగా దేశాల్లో ఆ కందిరీగ స్థిరపడింది. చాలా చేలల్లో నల్లి అదుపులోకి వచ్చింది. ఈ పనికి పెట్టిన ఒక్కొక్క రూపాయికి 149 రూపాయల మేలు జరిగిందని 1988లో నార్‌గార్డ్ అనే ఆర్థికవేత్త లెక్కకట్టారు. హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఆఫ్రికా రైతు మాత్రం ఈ మందుకు ఒక్క పైసా కట్టలేదు. చాలామందికి తమ చేలోకి కందిరీగ వచ్చిన సంగతి కూడా తెలియదు.

నల్లి మన దేశం వచ్చింది, కందిరీగా వచ్చింది

ఇదంతా ఎక్కడో జరిగిన కథ అనుకోవడానికి వీలులేదు. 2008లో థాయిలాండుకు చేరిన ఈ నల్లి 2020లో కేరళలోని త్రిస్సూరు జిల్లాలో కనిపించింది. తరువాత తమిళనాడులో సేలం, నామక్కల్ వైపు పెండలం చేలను పట్టుకుంది. సేలం అంటే సగ్గుబియ్యానికి పెట్టింది పేరు. అక్కడి రైతు పడిన బాధ పెద్దాపురం రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఈసారి వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఏ నల్లికి ఏ కందిరీగో ఆఫ్రికా అనుభవం చెప్పింది. థాయిలాండు వారు 2009లో ఆఫ్రికాలోని బెనిన్ దేశం నుంచి దానిని తెప్పించుకుని, మరుసటి ఏడు పెద్దఎత్తున చేలలో వదిలారు. బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ కూడా 2021లో బెనిన్ నుంచే దానిని తెప్పించి, గదుల్లో ఉంచి పరీక్షించి, 2022 మార్చిలో సేలం జిల్లా ఏతాపూర్ పరిశోధనా కేంద్రం దగ్గర తొలిసారి చేలలోకి వదిలింది.

తమిళనాడు పెండలం రైతుకు ఇది రెండో అనుభవం. 2008లో కోయంబత్తూరులో బొప్పాయి పిండినల్లి కనిపించింది. అది బొప్పాయితో ఆగలేదు. పట్టుపురుగులకు మేపే మల్బరీని, పెండలాన్ని కూడా పట్టింది. రైతులు మందుల మీద మందులు కొట్టారు. 2010లో ప్యూర్టోరికో నుంచి మూడు రకాల కందిరీగలను తెప్పించి వదిలాక నెలల్లోనే నల్లి వెనుకంజ వేసింది. రెండుసార్లూ దారి చూపింది పురుగును తినే పురుగే.

ఇది కొత్త విద్య కూడా కాదు. ఒకప్పుడు దక్షిణాదిన బీళ్ళను, డొంకలను కమ్ముకున్న నాగజెముడును నరికి, కాల్చి విసిగిపోయిన తరువాత, 1926లో శ్రీలంక నుంచి తెచ్చిన ఒక పురుగే దానిని తిని ఖాళీ చేసింది. ఆ పురుగు పేరు రైతులకు తెలియదు. బీడు బాగుపడిన సంగతి మాత్రం తెలుసు.

కందిరీగ చేసే పని

ఈ కందిరీగ మనిషిని కుట్టదు. ఆడ కందిరీగ పిండినల్లిని వెతికి పట్టుకుని, దాని ఒంట్లోకి ఒక గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల నల్లిని లోపలనుంచి తినేస్తుంది. నల్లి ఎండి, గోధుమరంగుకు తిరిగి, గట్టి డొల్లగా మిగులుతుంది. ఆ డొల్లకు గుండ్రంగా కన్నం పెట్టుకుని కొత్త కందిరీగ బయటకు వస్తుంది. ఇదంతా రెండు మూడు వారాల పని. బయటికి వచ్చినది మళ్ళీ నల్లిని వెతుక్కుంటూ పోతుంది. ఒక చేలో పని అయిపోతే పక్క చేలోకి తనే పోతుంది. డ్రమ్ము మోయనక్కరలేదు, కూలి ఇవ్వనక్కరలేదు.

మందు ఈ పని ఎందుకు చేయలేదో కూడా రైతు తెలుసుకోవాలి. పిండినల్లి ఒంటిమీద ఉండే తెల్లని పొడి మైనంవంటిది. నీరు దానిమీద నిలవదు. నల్లులు ముడుచుకున్న ఆకుల మడతల్లో, కొస లోపల దాక్కుంటాయి. మనిషెత్తు దాటి గుబురుగా పెరిగిన పెండలంలో పిచికారీ అక్కడిదాకా అందదు. అందుకని మందుకు నల్లి సగమే చస్తుంది. కందిరీగ, అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, సాలీడు మాత్రం ఆకులమీద బాహాటంగా తిరుగుతాయి గనుక అవి పూర్తిగా చస్తాయి. మిగిలిన సగం నల్లికి ఇక అడ్డులేదు. పదిహేను రోజులకు మళ్ళీ కొట్టుకు పోవలసి రావడానికి కారణం ఇదే. కంచె చేను మేసిందని సామెత ఉంది. ఇక్కడ కంచె చేను మేయలేదు. రైతే డబ్బు పెట్టి కంచెను తగలబెట్టుకుంటున్నాడు.

తెలుగునాట ఈ పాఠం ఇదివరకే ఒకసారి చాలా ఖరీదుకు వచ్చింది. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు పైరిత్రాయిడ్ మందులు విపరీతంగా కొట్టారు. మిత్ర పురుగులు పోయాయి, తెల్లదోమ విజృంభించింది. 1987-88లో పంట పోయి, అప్పు మిగిలి, ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వరిలో సుడిదోమ సంగతి గోదావరి డెల్టా రైతుకు తెలిసినదే. మందు మార్చి మందు కొట్టినకొద్దీ దోమ పెరిగిన చేలు ఎన్నో ఉన్నాయి.

మంచి ఉదాహరణ కూడా పక్కనే ఉంది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వద్ద కనిపించిన సర్పిలాకార తెల్లదోమ తరువాత గోదావరి జిల్లాల కొబ్బరికి పాకింది. కొబ్బరాకులు మసి పూసినట్లు నల్లబడటం కోనసీమలో అందరూ చూశారు. అప్పుడు శాస్త్రజ్ఞులు చెప్పిన మాట, విష మందులు కొట్టవద్దు, తెల్లదోమను తినే ఎన్‌కార్సియా అనే బదనికలను కాపాడుకోండి అని. బదనిక అంటే పరాయి పురుగు ఒంట్లో పెరిగి దానినే చంపే పురుగు. పెండలం కందిరీగ కూడా ఆ కోవలోదే. కొబ్బరి పురుగులకు బదనికలను, మేలుచేసే శిలీంధ్రాన్ని పెంచే ప్రయోగశాల అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానంలో ఉంది. కొబ్బరికి చేయగలిగిన పని పెండలానికి చేయలేకపోవడానికి కారణం కనిపించదు.

ఒప్పుకోవలసిన మాటలు

కందిరీగ అంటే సర్వరోగ నివారిణి అనుకోరాదు. ఒక్కొక్క కందిరీగ ఒక్కొక్క నల్లికే పనికివస్తుంది. బొప్పాయి పిండినల్లిని తినే కందిరీగ పెండలం పిండినల్లిని అదుపు చేయదు. హెరెన్‌కు మొదట ఎదురైన చిక్కు ఇదే. కాబట్టి చేలో ఉన్నది ఏ నల్లో ముందు తేల్చాలి. కంటితో చూసి చెప్పడం కొట్టు యజమాని వల్ల కాదు, రైతు వల్లా కాదు. అది ప్రయోగశాల పని.

రెండో సంగతి, పరాయి దేశపు పురుగును ఎవరికి వారు తెచ్చి వదిలేయడానికి వీలులేదు. తేనెటీగకు, పట్టుపురుగుకు, మరొక మేలుచేసే పురుగుకు హాని చేయదని తేల్చిన తరువాతే వదలాలి. ఈ జాగ్రత్త ప్రభుత్వ సంస్థలే తీసుకోవాలి.

మూడోది, కందిరీగకు వ్యవధి కావాలి. నేడు వదిలితే రేపటికి నల్లి పోదు. అప్పు మీద వడ్డీ పెరుగుతున్న రైతును రెండు నెలలు ఓర్చుకోమనడం మాటలతో అయ్యే పని కాదు. అతనికి ఎవరైనా చేలోకి వచ్చి, ఎండిన డొల్లలు చూపించి, పని జరుగుతున్నదని చెప్పాలి. లేకపోతే అతను మందే కొడతాడు. కొట్టాడని తప్పుపట్టే హక్కు ఎవరికీ ఉండదు.

నాలుగోది గోదావరి మెట్ట రైతు ప్రత్యేకంగా గమనించవలసినది. ఆఫ్రికాలో కందిరీగ సరిగా పనిచేయని చేలు కొన్ని మిగిలాయి. అవి సారంలేని ఇసుక నేలలు. అటువంటి చోట మొక్క నీరసంగా ఉంటుంది, దానిమీద నల్లి చిన్నదిగా ఉంటుంది. చిన్న నల్లిలో గుడ్డు పెడితే మగ కందిరీగలే ఎక్కువగా పుడతాయి. గుడ్డు పెట్టే ఆడవి తగ్గిపోతాయి. అక్కడ నేలమీద ఆకులు అలములు పరిచి, సత్తువ ఇచ్చాక పరిస్థితి మెరుగుపడింది. అంటే నేలకు పశువుల ఎరువు వేయని రైతుకు కందిరీగ కూడా పూర్తిగా తోడు రాదు.

ఎవరి పని వారు చేయాలి

రైతు చేయగల పనులు ఖర్చు లేనివే. పిండినల్లి ఒక ఊరినుంచి మరొక ఊరికి ఎక్కువగా పోయేది నాటే కర్ర ముక్కలతోనే. పిండి, నల్లి అంటుకున్న చేనునుంచి కర్ర తెచ్చుకోకూడదు. పొరుగు రాష్ట్రంనుంచి లారీలో వచ్చే కర్రను కణుపుకణుపూ చూసుకుని తీసుకోవాలి. వారానికొకసారి చేలో తిరిగి కొసలు చూడాలి. ముడుచుకున్న కొసలు ఒకటి రెండు కనిపిస్తే తుంచి పూడ్చాలి. అయితే ఎండిన గోధుమరంగు డొల్లలు ఉన్న కొసను మాత్రం పూడ్చరాదు, తగలబెట్టరాదు. వాటిలో కందిరీగలు ఉంటాయి. నల్లి విసర్జించే తేనెబంక కోసం చీమలు చేరి, మిత్ర పురుగులను దగ్గరకు రానివ్వవు. చీమల బారులు కనిపిస్తే నల్లి ఉందని అనుమానించాలి. అన్నిటికంటే ముఖ్యం, ఏ పురుగో తేలకుండా మందు డబ్బా భుజానికెత్తరాదు.

గ్రామ సచివాలయంలో ఉద్యాన సహాయకులు ఉన్నారు. రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి. ఎరువులు, విత్తనాలు పంచడంతో పని అయిపోయిందనుకోకుండా, పెండలం ఊళ్ళలో ప్రతి సహాయకుని చేతిలో ఒక భూతద్దం, నల్లి బొమ్మ, కందిరీగ బొమ్మ ఉండాలి. అనుమానం వచ్చిన కొసను ప్రయోగశాలకు పంపి, వారంలోగా రైతుకు జవాబు చెప్పే ఏర్పాటు ఉండాలి. జవాబు నెల తరువాత వస్తే ఈలోగా కొట్టువాడే జవాబు చెప్పేస్తాడు.

ఉద్యాన శాఖ, ఉద్యాన విశ్వవిద్యాలయం కలిసి పెండలం పండే ప్రాంతంలోనే కందిరీగలను పెంచే కేంద్రం సిద్ధంగా ఉంచాలి. దీనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. మొక్కలమీద నల్లిని పెంచి, నల్లిమీద కందిరీగలను పెంచాలి. వలకట్టిన గదులు, శిక్షణ పొందిన నలుగురు మనుషులు, ఏడాది పొడుగునా ఆగని కొద్దిపాటి నిధులు ఉంటే చాలు. ఈ చివరిదే కష్టం. నల్లి విజృంభించిన ఏడు నిధులు ఇచ్చి, తగ్గిన ఏడు ఆపేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వే ఏర్పాటు ఎవరికీ మేలు చేయదు. దుంప లేకపోతే సగ్గుబియ్యం మిల్లు లేదు గనుక మిల్లు యజమానులు కూడా ఇందులో తమవంతు భారం మోయడం న్యాయం.

పురుగు మందు అమ్మడానికి ప్రతి ఊళ్ళో కొట్టు ఉంది, కంపెనీ మనిషి ఉన్నాడు, బహుమతుల పథకం ఉంది. కందిరీగ తరఫున మాట్లాడటానికి ఎవరూ లేరు. లాభం వచ్చేది అమ్మేవాడికి కాక కేవలం రైతుకే అయినప్పుడు, ఆ మాట చెప్పే బాధ్యత ప్రభుత్వానిదే అవుతుంది. ఆఫ్రికాలో, థాయిలాండులో, తమిళనాడులో ప్రభుత్వ సంస్థలు ఆ బాధ్యత తీసుకున్నాయి. గోదావరి మెట్ట రైతు అడిగేది అంతకంటే ఎక్కువ కాదు.

ఈసారి పెండలం రైతు ముడుచుకున్న కొసను సంచిలో వేసుకుని బయలుదేరినప్పుడు అతని దారిలో మందుల కొట్టుకంటే ముందు, ఆ కొసను భూతద్దంతో చూసి నిజం చెప్పే మనిషి తగలాలి. ఆ మనిషిని అక్కడ ఉంచడం అధికారులకు అసాధ్యమేమీ కాదు.